బొంత కూడా ఎగుమతే

తార్నాకలో మా పాత ఓనరమ్మగారు పోయారు. మొన్న గురువారం పొద్దున ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా, ఎవరినీ కష్టపెట్టలేదు" అన్నారు. అప్పుడు నేను పోస్టాఫీసు లైనులో ఉన్నాను. చేతిలో ఆస్ట్రేలియాకు పంపాల్సిన పార్సిల్. లైను వదిలేసి బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ పార్సిల్ మీద ఏం రాయాలో, ఎందుకు రాయాలో నాకు నేర్పింది ఆమే.

నేను క్యాంపస్‌లో పీజీ చదివేటప్పుడు హాస్టల్ సీటు దొరక్క వాళ్లింట్లో కింది గది అద్దెకు తీసుకున్నాను. నేను ఆంటీ అని పిలిచే ఆమె పైన ఒక్కరే ఉండేవారు. తెనాలి దగ్గర ఊరట. ఇరవై రెండేళ్లకే బ్యాంకు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వచ్చేశారు. విదేశీ మారకం సెక్షన్‌లోనే రిటైరయ్యారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. గేటు దాకా వెళ్లాలన్నా ఇస్త్రీ చీర కట్టాల్సిందే. పేపర్ వెనక నుంచి తిప్పి ముందు డాలరు, యూరో రేట్లు చూసుకుని, ఆ తర్వాతే దేశం సంగతి చదివేవారు. అద్దె పెంచాలంటే రెండు నెలల ముందు చేత్తో నోటీసు రాసి నా తలుపు కిందనుంచి తోసేవారు. ఇద్దరమే ఉన్న ఇంట్లో నోటీసేమిటని నేను నవ్వుకునేదాన్ని.

మా అమ్మ ఊళ్లో పాత చీరలతో బొంతలు కుడుతుంది. క్లాస్‌మేట్ సాయంతో వాటి ఫొటోలు ఒక విదేశీ వెబ్‌సైట్‌లో పెట్టాను. మొదటి బొంత ధర నలభై అని మాత్రమే రాశాను. నలభై ఏమిటో రాయలేదు. ఆ సంగతి విని ఆంటీ తల పట్టుకున్నారు.

"నలభై ఏంటమ్మాయ్? రూపాయలా, యూరోలా, గవ్వలా? ఇంకోటి, ఇవాళ్టి రేటు చూసి ధర పెట్టకు. వాళ్లు కట్టిన డబ్బు నీ ఖాతాలో పడేసరికి రేటు మారుతుంది, మార్చినందుకు మధ్యవాడు కొంత కోస్తాడు. కాస్త చోటు ఉంచుకుని పెట్టు."

ఆ రోజు నుంచి సాయంత్రాలు మెట్ల మీద నాకు పాఠాలు. ఆర్డరు కాగితం, పోస్టు రసీదు, బ్యాంకు కాగితం మూడూ కలిపి గుండుసూదితో గుచ్చాలి. స్టేప్లర్ కొడితే ఒప్పుకునేవారు కాదు. "రేపు ఒకటి తీసి చూపించాల్సొస్తే చింపుతావా?" అనేవారు.

అవి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. నేనూ ప్రతి ఊరేగింపులో ఉన్నాను. రాష్ట్రం కావాలన్న మాట మీద నాకు ఆ రోజు అనుమానం లేదు, ఈ రోజూ లేదు. కానీ ఒక సాయంత్రం క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాకా ర్యాలీగా వస్తూ, "ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె" అని గొంతు చించుకుని అరుస్తున్నాను. కూరగాయల బండి దగ్గర ఆంటీ నిలబడి ఉన్నారు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నా నోరు ఆ మాట పూర్తి చేసేసింది.

ఇంటికొచ్చాక, నీళ్ల మోటారు ఎన్నింటికి వేస్తారో ఆమె ఎప్పటిలాగే చెప్పారు. కానీ తను చదివాక రోజూ నాకిచ్చే పేపరు వారం రోజులు రాలేదు. నేనూ పైకి వెళ్లి అడగలేదు. సిగ్గేసింది, దాని మీద కాస్త పొగరు కూడా ఉంది.

సరిగ్గా అప్పుడే ఇరుక్కున్నాను. జర్మనీ నుంచి ఒకావిడ ఒకేసారి పన్నెండు బొంతలు అడిగింది. అమ్మ ఇంకో నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, డబ్బు రాగానే ఇస్తానని మాటిచ్చి కుట్టించింది. బొంతలు వెళ్లిపోయాయి. ఆవిడ యూరోల్లో కట్టేసింది. ఆ డబ్బు దేనికి వస్తోందో చెప్పమని సైటువాళ్లు ఒక జాబితా ఇస్తే, నేను అందులో 'విరాళం' మీద నొక్కాను. మర్నాడు మెట్టుగూడలో ఉన్న మా బ్యాంకు నుంచి ఫోన్. యూనివర్సిటీ విద్యార్థినికి విదేశీ విరాళం ఎందుకొచ్చిందో శుక్రవారం సాయంత్రంలోగా రుజువులతో చెప్పాలి. లేదంటే డబ్బు వెనక్కి పోతుంది, పైవాళ్లకు రిపోర్టు పోతుంది. ఆ రోజుల్లో ఉద్యమంలో ఉన్న పిల్ల మీద అలాంటి రిపోర్టు పోలీసుల దాకా వెళ్లడం ఎంతసేపు?

మూడుసార్లు సగం మెట్లెక్కి దిగాను. నాలుగోసారి ఆమే తలుపు తీశారు.

"లోపలికి రా. కాగితాలు తెచ్చావా?"

అన్నీ చూసి కళ్లజోడు తీశారు. "అమ్మిన సరుక్కి విరాళమని పెట్టావేంటే?"

"ఎగుమతి అని గూడ జాబితాల ఉన్నది ఆంటీ. ఎగుమతంటే ఓడలు, కంటైనర్లు అనుకున్న. మా అమ్మ కుట్టిన బొంత ఎగుమతెట్లయితది?"

"సరిహద్దు దాటి వెళ్లి, దానికి డబ్బొస్తే ఎగుమతే. బొంతైనా, బొగ్గైనా. మీ అమ్మ పనిని నువ్వే దానం చేసేశావు."

ఆ మాట నాకు తగిలింది. పాత తేదీ వేసి ఒక బిల్లు తయారు చేస్తానన్నాను.

"నోర్ముయ్. తప్పు పెట్టావు, తప్పు పెట్టానని రాయి. అబద్ధం ఒకటి రాస్తే దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది కాగితాలు పుట్టించాలి" అన్నారు. నా చేతే ఉత్తరం రాయించి, పన్నెండు పోస్టు రసీదులూ దానికి గుచ్చారు.

శుక్రవారం రాస్తారోకో. బస్సు లేదు, ఆటో లేదు. ఆమెకేమో మోకాళ్ల నొప్పులు. నేనొక్కదాన్నే వెళ్తానంటే, "నువ్వు వెళ్లి ఏం మాట్లాడతావు, నినాదాలిస్తావా?" అని చెప్పులేసుకున్నారు. చౌరస్తాలో మా క్యాంపస్ పిల్లలు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకతను అడ్డమొచ్చాడు.

"అక్కా, గీ టైంల యాడికి?"

నేను నోరు తెరిచేలోపే ఆంటీ చెప్పారు. "బ్యాంకుకి బాబూ. పల్లెలో ఆడవాళ్లు కుట్టిన బొంతల డబ్బులు ఆగిపోయాయి."

ఆ యాస వినగానే అందరూ తలలెత్తారు. అతను ఒక్క క్షణం ఆమెను చూసి, అడ్డంగా ఉన్న రాళ్లు పక్కకు జరిపాడు. "పో ఆంటీ, పైలంగ పో" అన్నాడు.

బ్యాంకు షట్టరు సగం దించి ఉంది. మేనేజరు కాగితాలు తిప్పి చూసి, నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ అమ్మాయి గురించి మీకేం తెలుసు మేడమ్? రోజూ ర్యాలీల్లో ఉంటారు వీళ్లు."

"ఉంటుంది. నేనే చూశాను. ర్యాలీకీ రసీదుకీ ఏం సంబంధం సార్? నాకు నచ్చని నినాదం ఇచ్చిందని ఆమె సరుకు విరాళమైపోదు. కాగితాలు సరిపోయాయా లేదా, అది చెప్పండి."

నాకు తల కొట్టేసినట్టయింది. అతను మళ్లీ మొదటినుంచి చూశాడు. సరిపోయాయి. డబ్బు దేనికొచ్చిందన్న చోట ఎగుమతి అని మార్చి సాయంత్రంలోపు జమ చేస్తామన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె నెమ్మదిగా నడుస్తున్నారు. ఉన్నట్టుండి అడిగారు.

"ఆ రోజు వాపస్ పొమ్మన్నది నన్నేనా?"

"మిమ్మల్ని గాదాంటీ. అమ్మతోడు, మిమ్మల్ని గాదు."

"మరి నేనెవర్నే?"

ఆ తర్వాత మూడేళ్లు అదే ఇంట్లో ఉన్నాను, రాష్ట్రం వచ్చింది, మిఠాయి తీసుకుని పైకి వెళ్తే ఆమె తిన్నారు కూడా. అప్పుడైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. చెప్పలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పను?

ఆ శుక్రవారం సాయంత్రం మేం తార్నాక చేరుతుండగా నా ఫోన్‌కి డబ్బు పడిందని మెసేజ్ వచ్చింది. నడిరోడ్డు మీదే నిలబడి అమ్మకు ఫోన్ చేసి, పక్కనున్న ఆంటీ వల్లే డబ్బు వచ్చిందని చెప్పాను. అమ్మ సంతోషం పట్టలేక, "గా అమ్మకియ్యే ఫోను" అంది. స్పీకర్ పెట్టి ఆంటీ చేతికిచ్చాను.

"మంచిగున్నరా అమ్మా? మా పోరి సతాయిస్తలేదు గదా?"

"సతాయిస్తుందండీ. బాగానే సతాయిస్తుంది."

అవతల అమ్మ నవ్వింది. కాసేపు బొంతల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నారు. సగం మాటలు ఒకరివి ఒకరికి అర్థం కాక మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. బండి చప్పుడన్నది లేని ఆ వెడల్పాటి రోడ్డు మీద ఆమె గొంతు పెద్దగా వినిపిస్తోంది. పెట్టేసే ముందు అమ్మ అడిగింది.

"ఇంతకూ మీది యే ఊరమ్మా?"

ఆంటీ ఒకసారి నా వైపు చూశారు. తర్వాత ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, అమ్మకు సరిగ్గా వినబడాలని గట్టిగా చెప్పారు.

"తార్నాకండీ."