హోబార్ట్ సంతలో సీమంతం

ద్వారకానాథ్‌కి ఓ జబ్బుంది. ఏ ఊరెళ్ళినా ముందు ఫోను బూత్ వెతుక్కుంటాడు. ఎవరికో ఫోను చెయ్యడానికి కాదు, అక్కడుండే ఫోను పుస్తకం తిరగేసి, తెలుగు ఇంటిపేరు ఎక్కడైనా తగులుతుందేమో చూడ్డానికి. తగిలిందా, ఇక చిల్లర వేసేయడమే. "నమస్కారమండీ, మీరు తెలుగువారేనా?" అవతలివాళ్ళు అవునన్నారంటే ఆ పూట ఈయన భోజనం వాళ్ళింట్లో, పై వారం వాళ్ళ మకాం సిడ్నీ శివారు టూంగాబీలో ఈయనింట్లో.

కానీ ఈ కథ ఆయనది కాదు, ఆయన భార్య జయశ్రీది. జబ్బు ఆయనదైనా వంట ఆవిడది కదా!

జయశ్రీది గుడివాడ. మొగుడి ఉద్యోగం వెనకాల ఆరేళ్ళ కూతురు లాస్యని వెంటబెట్టుకుని సిడ్నీ వచ్చింది. అవి Y2K రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి మొరాయిస్తాయని లోకమంతా బెంగపడుతుంటే, ఆ బెంగ తీర్చడానికి మన కుర్రాళ్ళు విమానాలకి విమానాలు దిగుతున్నారు. శనివారం వచ్చిందంటే ద్వారకానాథ్ కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకి పోయేవాడు. ఒకణ్ణి తేవడానికెళ్ళి ముగ్గుర్ని తెచ్చేవాడు. హాల్లో పరుపులు, బాత్రూం ముందు క్యూ, పొయ్యి మీద ఎప్పుడు చూసినా ఇంత లావు పప్పు గిన్నె.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, జయశ్రీకి అన్నం పెట్టడం బరువు కాదు. ఆవిడ చెయ్యి పెద్దది. ఆవిడకి ఒళ్ళు మండేది వేరే దానికి. తలుపు తీస్తే గానీ ఎంతమంది వచ్చారో తెలీదు. ఎవర్ని పిలవాలో, ఎన్నాళ్ళుంచాలో, అంతా మహానుభావుడి ఇష్టం. వచ్చినవాళ్ళు కూడా "ద్వారకానాథ్ గారి ఇల్లు, ద్వారకానాథ్ గారి మనసు" అనేవాళ్ళు. తను ఆ ఇంట్లో ఒట్టి వంట చేసే చేతులేనా అని ఆవిడకి లోపల్లోపల కుళ్ళు. చెప్పుకుంటే చిన్నతనం, చెప్పుకోకపోతే కడుపుబ్బరం.

రెండువేలు వచ్చింది. ఏ కంప్యూటరూ చావలేదు. కుర్రాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆ ఏడాది చివర బోనస్ చేతికొస్తే ద్వారకానాథ్ ముచ్చటగా, "నెక్లెస్ కొననా జయా?" అన్నాడు.

"నెక్లెస్సూ వద్దు, గిక్లెస్సూ వద్దు. ఒక్క వారం మన ముగ్గురం ఉండాలి. నాలుగో మనిషి ఉండకూడదు. అంతే!"

ఇంట్లో ఉంటే అది జరిగే పని కాదు. అందుకని జనవరిలో ఓడెక్కారు. సిడ్నీలో బయల్దేరి, టాస్మేనియాలో హోబార్ట్ రేవున ఒక పగలు ఆగి, మళ్ళీ సిడ్నీ వచ్చే విహారం. ఎక్కేముందే జయశ్రీ ఒట్టు వేయించుకుంది. "దారిలో ఎవర్నీ 'మీరు తెలుగా' అని అడగను, ఫోను బూత్ వంక కన్నెత్తి చూడను, లాస్య మీద ఒట్టు" అన్నాడాయన.

"వై మీ?" అంది తొమ్మిదేళ్ళ లాస్య.

హోబార్ట్‌లో దిగేసరికి శనివారం ఉదయం. అక్కడ జనవరి అంటే నడివేసవి, అయినా చలిగాలి. ఊరి వెనకాలే పెద్ద కొండ, ముందు పడవలు. నాలుగింటికల్లా ఓడెక్కెయ్యాలని మెట్ల దగ్గర మరీమరీ చెప్పి పంపారు. పడవలోనే వేయించి అమ్ముతున్న చేపముక్కలు కొనుక్కుని గట్టు మీద కూర్చుని తిన్నారు. లాస్య చేతిలోంచి సీగల్ పక్షి ఒక ముక్క ఎత్తుకుపోయింది. పిల్ల ఏడవాలో నవ్వాలో తేల్చుకునేలోపే రెండో ముక్కా పోయింది. జయశ్రీ పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్ళైన కొత్తల్లో విజయవాడ బ్యారేజీ మీద సాయంత్రాలు ఇలాగే నవ్వేది. మళ్ళీ ఇన్నేళ్ళకి!

ద్వారకానాథ్ కూడా బుద్ధిమంతుడిలా ఉన్నాడు. దారిలో ఫోను బూత్ ఎదురైతే గబుక్కున తల తిప్పి కొండ చూశాడు. "ఏం కొండ జయా! ఏం కొండ!" అన్నాడు. ఆయన అవస్థ చూసి ఆవిడకి జాలేసింది కూడా. కానీ జాలిపడితే నాలుగో మనిషి వచ్చేస్తాడు, జాగ్రత్త.

అలా నడుచుకుంటూ సాలమాంకా సంతలోకి వచ్చారు. పాత రాతి గోదాముల ముందు, చెట్ల కింద, వరసగా కొట్లు. చెర్రీలు, తేనె, సబ్బులు, ఉన్ని టోపీలు. నడుస్తూ నడుస్తూ ద్వారకానాథ్ ఉన్నట్టుండి ఒక బంగాళదుంపల కొట్టు ముందు ఆగి, దుంపల వంక తదేకంగా చూడ్డం మొదలెట్టాడు. బంగాళదుంపలంటే ఆయనకి ప్రాణమేమీ కాదు. ఏమై ఉంటుందా అని జయశ్రీ అటువైపు చూసింది.

ఎదురుగా పళ్ళ కొట్టు దగ్గర ఒక అమ్మాయి. బొట్టు, మెడలో నల్లపూసలు, పైన మగవాడి కోటు. ఆ కోటుకి గుండీ పట్టడం లేదు. నిండు కడుపు. అమ్మే ఆవిడ బంగారంలా మిగలపండిన ఆప్రికాట్లు ఏరి ఇస్తుంటే ఈ పిల్ల తల అడ్డంగా ఊపి, బుట్ట అడుగునున్న పచ్చికాయలు చూపిస్తోంది. "నో, లవ్, అవి పండలేదు, పులుపు, పళ్ళు జివ్వుమంటాయి" అంటోంది ఆవిడ. పులుపని తెలిసే కదా ఆ పిల్ల అడుగుతోంది! ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీక పాపం కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

జయశ్రీ అక్కడే నిలబడిపోయింది. దాటి వెళ్ళిపోతే చాలు, రోజంతా తనది. ఇప్పుడు నోరు తెరిచిందా, అయిపోయినట్టే. ఇన్నాళ్ళు పోట్లాడి సంపాదించుకున్న వారంలో నేల మీద గడిపే ఒక్క రోజు! వెళ్ళిపోదామనే అనుకుంది. కాలు కూడా కదిపింది.

"ఎన్నో నెలమ్మా?"

ఎవరడిగారా అని తనే ఉలిక్కిపడింది. అడిగింది తనే.

దుంపల దగ్గర్నుంచి ద్వారకానాథ్ గిరుక్కున తిరిగాడు. మొహం చేటంత. "నేను కాదు! చూశావుగా, నేను నోరెత్తలేదు! నువ్వే!"

"మీరు కాస్సేపు ఊరుకోండి!" అంది జయశ్రీ.

ఆ అమ్మాయి ఠక్కున ఇటు తిరిగింది. "ఏడో నెల నడుస్తుంది ఆంటీ" అంది.

"ఆంటీ ఏంటి, అక్కా అను."

"అక్కా, పుల్లగ తినబుద్ది అయితుంది. ఎంత చెప్పినా ఈమె మక్కిన పండ్లే ఇస్తుంది" అని గొల్లుమంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. జయశ్రీ కొట్టావిడకి సంగతి చెప్పి, పచ్చికాయలన్నీ సంచిలో పోయించింది. పిల్ల అక్కడికక్కడే ఒకటి కరకర కొరికి, కళ్ళు మూసుకుంది. చూస్తున్న లాస్యకి కూడా నోట్లో నీళ్ళూరాయి.

పేరు సింధుజ. ఊరు జగిత్యాల. పెళ్ళై ఏడాదిన్నర. మొగుడు ఇక్కడో ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు, శనివారం కూడా డ్యూటీయే. "మా అమ్మ రావాల్సుండె అక్కా. బీపీ ఎక్కువైంది, విమానం ఎక్కొద్దన్నడు డాక్టరు. మొన్న మంచిరోజు చూసి శ్రీమంతం చెయ్యమని ఫోన్ల చెప్పింది. ఎవలు చేస్తరక్కా ఇక్కడ? గాజులు తొడిగేటోళ్ళు కూడా లేరు."

జయశ్రీకి తన సీమంతం గుర్తొచ్చింది. తన ఏడో నెలలో గుడివాడలో వీధి వీధంతా కదిలొచ్చింది. ఈ పిల్లకి ఎవరూ లేరా? ఎందుకు లేరు?

"కూర్చో" అంది, చెట్టు కింద బల్ల చూపిస్తూ. "మంచిరోజు ఇవాళే. నేను చెప్తున్నాగా!"

ఇక చూడాలి ఆవిడ హడావిడి. "ఏవండీ, పూలు పట్టుకురండి, గులాబీలు! లాస్యా, ఆ స్వీటు కొట్టుకెళ్ళి ఫడ్జ్ తే, చలిమిడి అనుకుందాం." హ్యాండ్‌బ్యాగులో కుంకుమ పొట్లం ఎప్పుడూ ఉంటుంది. పసుపొక్కటే లేదు. సరే, దేవుడు సర్దుకుంటాడు. ముత్తయిదువులు ఐదుగురన్నా కావాలి. జయశ్రీ సంత మధ్యలో నిలబడి, టూంగాబీ బజార్లో కూరలు బేరమాడే గొంతుతో కొట్లవాళ్ళని పిలిచింది. పళ్ళావిడ వచ్చింది. సబ్బులావిడ, తేనె అమ్మే తల్లీ కూతుళ్ళు వచ్చారు.

"మీకు పెళ్ళయిందా?" అనడిగింది జయశ్రీ పళ్ళావిడని. శాస్త్రం శాస్త్రమే కదా.

"రెండుసార్లు, లవ్."

"వాళ్ళు ఉన్నారా?"

"ఇద్దరూ ఉన్నారు. ఏం చేస్తాం!"

"అబ్బో, డబుల్ ముత్తయిదువు!" అని తెలుగులో అనేసి జయశ్రీ ఆవిడ్నే ముందు నిలబెట్టింది. తన చేతికున్న ఎర్ర గాజులూ ఆకుపచ్చ గాజులూ తీసింది, బంగారువి రెండూ ఉంచుకుని. సింధుజ చేతులు నీరు పట్టి ఉబ్బాయి, గాజు ఎక్కనంటుంది. సబ్బులావిడ పరుగెత్తి లావెండర్ క్రీము డబ్బా తెచ్చింది. అది రాసి, మెల్లగా వేళ్ళు నొక్కి, ఒక్కొక్కరూ ఒక్కొక్క గాజు ఎక్కించారు. బొట్టు పెట్టడం రాక పళ్ళావిడ నుదురంతా పూసింది. ఒళ్ళో చెర్రీలు, ఆప్రికాట్లు, ఒక బంగాళదుంప కూడా పోశారు. అది ద్వారకానాథ్ చలవ. జయశ్రీ పాట ఎత్తుకుంది. శ్రుతీ లేదు, లయా లేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చప్పట్లు కొట్టారు. సింధుజ తలెత్తి నవ్వుతుంటే, గాజుల చేతులు అటూ ఇటూ తిప్పుకుంటుంటే, జయశ్రీకి కడుపు నిండిపోయింది.

"జయా! ఓడ!"

ఎవరింటికెళ్ళినా గుమ్మంలో గంటసేపు కబుర్లాడే ద్వారకానాథ్, పెళ్ళాం చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆవిడ వినదే! "రాత్రిళ్ళు పక్కకి తిరిగి పడుకో, మెట్లు గబగబా ఎక్కకు, ఐరన్ మాత్ర మానకు" అని నాలుగడుగులేసి వెనక్కి, మళ్ళీ నాలుగడుగులేసి వెనక్కి. ఓడ కూత వేసింది. ముగ్గురూ పరుగు. వీళ్ళు ఎక్కీ ఎక్కగానే మెట్లు లాగేశారు.

పైన కటకటాల దగ్గర నిలబడి రొప్పుతుంటే ఊరు మెల్లగా వెనక్కి జరిగింది. ద్వారకానాథ్ తప్పు చేసినవాడిలా గొణిగాడు. "నీ ఒక్క రోజూ పోయింది జయా. పోనీ, వచ్చే ఏడు మళ్ళీ..."

"పోవడమేంటండీ? మార్చిలో ఆ పిల్లకి పురుడు. నేనొస్తానని మాటిచ్చాను. నెల్లాళ్ళు ఇక్కడే ఉంటాను."

"నెల్లాళ్ళా! మరి ఇంట్లో కుర్రాళ్ళు?"

"వాళ్ళు మీ చుట్టాలు, మీరు వండండి" అంది జయశ్రీ, రేవు వంకే చూస్తూ. "ఈ పిల్ల నాది. దీన్ని నేను పిలిచాను."