పొగొస్తే ఉల్టా

1986, యాసంగి వరి పొట్టకొచ్చే రోజులు. పెద్దపల్లిలో నాకు మోటారు వైండింగ్ దుకాణం ఉండేది. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ తీసేసి, అన్నే చుట్లు కొత్త తీగ చుట్టడం. ఆ పని చేసేవాళ్లం ఊళ్లో ఏడుగురం. సాయంత్రం కరెంటు పోగానే చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. ఎవరి దగ్గర ఏ మోటారు మొండికేసినా అక్కడే చెప్పుకునేవాళ్లం.

మాకొక కట్టుబాటు ఉండేది. అందరికీ తెలిసిన సంగతి ఎవరైనా అడిగితే, అడిగినవాడు అందరికీ చాయ్ తాపాలి. అది పెట్టింది నేనే. అడిగిందే అడుగుతుంటే విసుగొచ్చి పెట్టాను. నవ్వులాటగా మొదలైంది. పోను పోను, మా ముందు నోరు తెరవాలంటే జేబు తడుముకోవాల్సి వచ్చింది.

ఆ ఏడే లింగయ్య వచ్చాడు. ఆసిఫాబాద్ దగ్గర పత్తిమిల్లు మూతపడితే, నలభై దాటాక ఈ పని నేర్చుకుని మా ఊళ్లో చిన్న దుకాణం పెట్టాడు. నాకంటే పెద్దవాడే. అయినా పనిలో ముందున్నానని నన్ను అన్నా అనేవాడు. ఒకరోజు హోటల్ గడప దగ్గరే నిలబడ్డాడు.

“అన్నా, జర ఒక ముచ్చట అడగాల్నా?”

“ముందుగాల చాయ్‌లు చెప్పు, గప్పుడు అడుగు,” అన్నాను.

ఏడు చాయ్‌లు చెప్పి అడిగాడు. మూడు ఫేజుల మోటారులో మూడు చుట్టలుంటాయి. ఒక్కోదానికి ఒక మొదలు, ఒక చివర, మొత్తం ఆరు తీగలు బయటికొస్తాయి. ఏది ఏదో తెలియడానికి దారం ముడులు వేస్తాం. వార్నిష్ పూసి నిప్పుల సెగకు ఆరబెట్టేటప్పుడు అతని ముడులు కాలిపోయాయి. “ఏది మొదలో ఏది చివరనో ఇగ ఎట్ల తెలుస్తదన్నా?”

అందరూ నవ్వారు. “ముడి నిలుపరానోనికి మోటార్లెందుకు భాయ్, గాజులమ్ముకో,” అన్నాడు రఫీ, మాలో ఒకడు.

నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. “గంత పరేషాన్ ఎందుకు లింగయ్యా? కరెంటిచ్చి చూడు. పొగొస్తే ఉల్టా కట్టినట్టు, రాకుంటే సీదా.”

మళ్లీ నవ్వులు. లింగయ్య నవ్వలేదు. “పొగొస్తే ఉల్టా,” అని మెల్లగా అనుకుంటూ వెళ్లిపోయాడు. నేనది చూశాను. వెనక్కి పిలవడానికి నాలుగడుగులు చాలు. చాయ్ వేడిగా ఉంది, లేవలేదు.

మూడోరోజు పొద్దున ఎడ్లబండి మీద మోటారు నా దుకాణం ముందు దిగింది. వెంట లింగయ్య, మోటారుగల్ల మల్లవ్వ. ఆమె పెనిమిటి దుబాయిలో ఉంటే రెండెకరాల వరి ఒక్కతే చేసుకుంటున్న మనిషి. మూత విప్పగానే కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. ఒక్క చుట్ట తిరగబడినా మోటారు తిరగదు, మూలుగుతుంది, నిమిషాల్లో కాలుతుంది. అదే జరిగింది.

“మూలుగుతుంటె బంద్ చెయ్యమన్న,” అంది మల్లవ్వ. “జర ఆగక్కా, పొగొస్తదో రాదో చూడాలె అన్నడు. పొలం నెర్రెలు వారింది, ఈనకు పొగ కావాల్నట! ఎవలయ్యా గా సదువు చెప్పినోడు?”

లింగయ్య నా వైపు చూశాడు. తర్వాత నేల వైపు. “ఎవలు చెప్పలేదక్కా. నాదే తప్పు.”

నేనే చెప్పానని అనాల్సింది. వంగి బోల్టులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

మిగతా పనులన్నీ పక్కన పడేసి రెండు రోజులు లింగయ్యను కూర్చోబెట్టుకుని ఆ మోటారు చుట్టాను. దారం ముడులు పోయినా పరీక్ష ఉంది. ఒక చుట్ట చివర, రెండో చుట్ట మొదలు కలిపి, మధ్యలో పెద్ద బల్బు పెట్టి కొద్దిగా కరెంటివ్వాలి. మూడో చుట్టకు కట్టిన టార్చి బల్బు మిణుకుమంటే సరిగ్గా ఉన్నట్టు, లేకుంటే ఒకటి తిరగబడ్డట్టు. చెప్పడానికి చాయ్ తాగేంత సేపు చాలు. అది తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, పని నేర్పిన మా ఉస్తాద్ చెప్పక. నాలుగేళ్ల కష్టం ఒక్క చాయ్‌కి ఎందుకివ్వాలన్న కుళ్లు నాలో ఉందని ఆ రెండు రోజుల్లో తెలిసింది.

లింగయ్య అన్నీ చూశాడు, అన్నిటికీ తల ఊపాడు. అర్థం కాలేదని మొహం చెబుతూనే ఉంది.

“ఏమన్న అడుగు లింగయ్యా.”

“అడగనన్నా. చాయ్‌లకు పైసల్లేవు.”

ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

నీళ్లు అందేసరికి మల్లవ్వ పొలంలో ఒక ఎకరం తాలు పోయింది. తర్వాత ఆమె మోటారు ఎప్పుడు చెడినా నా దగ్గరికే తెచ్చేది. “గా లింగయ్యకు పనిరాదు, నువ్వైతే మంచిగ చేస్తవు,” అనేది. ఒక్కసారైనా నిజం చెప్పలేకపోయాను. ఇంకెవరూ మోటారు ఇవ్వక లింగయ్య ఆ వానాకాలమే దుకాణం మూసి, మందమర్రి వైపు కూలికి పోయాడని విన్నాను.

చాయ్ కట్టుబాటు ఎత్తేశాం. కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు ఇప్పటికీ వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. నాకు విసుగు పోలేదు, పోతుందన్న ఆశా లేదు. కాకపోతే ముందు జవాబు చెబుతాను, బల్బు పెట్టి చూపిస్తాను, తర్వాత విసుక్కుంటాను. ఎవరైనా ఏమీ అడగకుండా తల మాత్రం ఊపుతుంటే, పనాపి వాళ్ల మొహం చూస్తాను.