పాత బట్టలు, అరవై దీనార్లు

సముద్రపొడ్డు ఊరు మహ్దియాలో మన్నూబియా పిన్ని ముస్తాబు చేయనిదే పెళ్లికూతురు గడప దాటేది కాదు. గోరింటాకు పెట్టడం, జుట్టు దువ్వడం, కళ్లకు సుర్మా దిద్దడం ఎవరైనా చేస్తారు. ఆమె దగ్గర ఉన్నది, ఇంకెవరి దగ్గరా లేనిది పెళ్లికూతుళ్లకు తొడిగే పట్టు జరీ దుస్తుల జోడు. పన్నెండు కిలోల బరువు. ఆమె, ఆమె తల్లి మూడేళ్లు కళ్లు పోగొట్టుకుని కుట్టిన బంగారు తీగ పని. అది వేసుకుని పెళ్లికూతురు అరచేతులు పైకెత్తి, నెమ్మదిగా ఏడు చుట్లు తిరిగితే గదిలో ఆడవాళ్ల ఆనందపు కేకలకు పైకప్పు లేచిపోయేది.

పెళ్లికూతుళ్లను సింగారించడం సగం పనేనని, దిష్టి తగలకుండా కాయడమే మిగతా సగమని పిన్ని అనేది. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందన్నది ఆమె గట్టి నమ్మకం. అందుకే జోడు ఎంత బాగుందని ఎవరన్నా అంటే, "ఏం బాగు, చిరుగులకి అతుకులేసుకుంటూ లాక్కొస్తున్నా" అనేది. దాన్ని దాచే సూట్‌కేసుకు కూడా కావాలనే తాడు చుట్టి, మసి పూసి ఉంచేది. ధర అడిగినవాళ్లకు ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు. భర్త పోయేదాకా ఆయనకు కూడా చెప్పలేదు, అది వేరే కథ.

ఆ ఏడాది వసంతంలో స్ఫాక్స్ నగరపు ఆలివ్ నూనె వర్తకుల కొడుక్కు మహ్దియా పిల్ల యుస్రాతో పెళ్లి కుదిరింది. స్ఫాక్స్ వాళ్లు పైసా ఊరికే తీయరని లోకమంతా అంటుంది. వీళ్లు మాత్రం ఊరి నోరు మూయించాలని పంతం పట్టి, పెళ్లిని విహార నౌక మీద పెట్టారు. లా గులెత్ రేవు నుంచి అయిదు రోజులు సముద్రం మీద తిప్పి, మళ్లీ అక్కడికే తెస్తారు. పిల్ల వైపువాళ్లు ఒక్కటే షరతు పెట్టారు. ఓడ మీదైనా, ఒంటె మీదైనా మహ్దియా జోడు ఉండాల్సిందే. అలా పిన్ని అరవై ఒకటో ఏట ఓడ ఎక్కింది.

ఎక్కే ముందు ప్రతి ఒక్కరికీ సామాను కార్డు ఇచ్చారు. పెట్టెలో ఏముంది, విలువెంత అని రెండు గడులు. పిన్ని పక్కనున్నవాళ్లకు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకుని రాసింది. మొదటి గడిలో పాత బట్టలు, రెండో గడిలో అరవై దీనార్లు. ఓడవాళ్లయినా కళ్లున్నవాళ్లేగా.

పెళ్లి బాగానే జరిగింది. యుస్రా ఏడు చుట్లూ తిరిగింది, ఓడ ఊగుతుంటే ఒక చుట్టు ఎక్కువే తిరిగిందని నవ్వుకున్నారు. ఆఖరి రోజు సాయంత్రం అందరూ పెట్టెలు గది తలుపు బయట పెట్టేయాలని, పొద్దున్న రేవులో తీసుకోవాలని ఓడవాళ్లు చెప్పారు. పిన్నికి మనసొప్పలేదు.

"పెట్టె నా మంచం కింద ఉంటే మీకేం బరువు?" అంది.

యుస్రా మేనత్త విసుక్కుంది. "ఓడంతటికీ ఒక రూలు, నీకొకటా పిన్నీ? బూజు పట్టిన ఆ పెట్టె ఎవడెత్తుకుపోతాడు? పెట్టెయ్ బయట, నా పరువు తియ్యకు!"

పెట్టింది. పొద్దున్న రేవులో పెళ్లివారి పెట్టెలన్నీ వరసగా వచ్చాయి, ఆమెది రాలేదు. వేరే రేవులో దింపేశారని ఒకడన్నాడు. ఆ వాలకం చూసి చెత్త అనుకుని పారేసి ఉంటారని ఇంకొకడన్నాడు. రెండోవాడి మాట విన్నాక పిన్ని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. వచ్చే నెల నుంచి పెళ్లిళ్ల కాలం. ముగ్గురు పెళ్లికూతుళ్లు ఆమెకు మాటిచ్చి ఉన్నారు. జోడు లేకపోతే ఆమె ఇంటింటికీ గోరింటాకు పెట్టుకునే ఇంకో ముసలిది, అంతే. కొత్తది కుట్టించాలంటే పద్దెనిమిది వేల దీనార్లు కావాలి.

ఓడ కంపెనీ కార్యాలయం రేవు పక్కనే ఉంది. పరిహారాల పని చూసే నౌఫల్ ఓపికస్తుడు. ఆమె చెప్పిందంతా విని, కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ చేతిరాతేనా పిన్నీ?"

"నాదే."

"అరవై దీనార్లు అని నువ్వే రాశావు."

"మరేం రాయమంటావు నాయనా? పెట్టె నిండా బంగారమని డప్పు కొట్టమంటావా? మీ అమ్మ ఎప్పుడైనా తన నగల ధర పక్కింటామెకి చెప్పిందా?"

నౌఫల్ నవ్వాపుకున్నాడు. వాళ్లమ్మ కూడా అంతే. "మా అమ్మ ఓడెక్కలేదు పిన్నీ. సరే, అందులో జోడే ఉందని రుజువు తీసుకురా. రసీదో, ఫొటోయో. పైవాళ్లకి పంపిస్తాను."

తల్లీకూతుళ్లు కుట్టుకున్నదానికి రసీదు ఎవరిస్తారు? ఫొటోలు మాత్రం ఊళ్లో గోడగోడకీ ఉన్నాయి. పిన్ని మహ్దియాకు తిరిగొచ్చి గడపగడపా ఎక్కింది. ఒకరు చట్రంతో సహా గోడ మీంచి దించి ఇచ్చారు. ఒకరు పెళ్లి ఆల్బమ్‌లోంచి పెరికారు. ఒకామె మొగుడు తన బొజ్జ లేని రోజుల ఫొటో అది ఒక్కటేనని, తిరిగి ఇవ్వకపోతే ఊరుకోనని హెచ్చరించాడు. జలీలాకు విడాకులై ఏడేళ్లయింది. ఆమె తెచ్చిన ఫొటోకు సగమే ఉంది.

"మనిషిని కోసి పారేశాను పిన్నీ. బట్టలు మాత్రం బాగున్నాయి, చూడు, ఒక్క తీగ కూడా తెగలేదు" అంది.

మొత్తం ముప్పై ఒకటి. పిన్ని వాటిని గుడ్డలో చుట్టి, తెల్లవారుజామున లువాజ్ అనే అద్దె కారులో ఎనిమిదిమంది మధ్య ఇరుక్కుని మళ్లీ లా గులెత్ వెళ్లింది. నౌఫల్ వాటిని బల్ల మీద వరసగా పేర్చాడు. ముప్పై ఒక్కమంది పెళ్లికూతుళ్లు, అరచేతులు ఎత్తి, ఒకే జోడులో. పక్క బల్లలవాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. అబ్బ, ఏం పని, అన్నారు. పిన్ని ఈసారి చిరుగులు, అతుకులు అనలేదు.

నౌఫల్ అన్నిటికన్నా పాత ఫొటో తిప్పి వెనక తారీఖు చూశాడు. అన్నిటికన్నా కొత్తదీ చూశాడు. కాగితం మీద ఏదో లెక్క వేశాడు.

"జోడు ఉందని ఒప్పుకున్నట్టే పిన్నీ. కానీ ఇరవై రెండేళ్లు, ముప్పై ఒక్కమంది. మా నిబంధనల్లో బట్టలకి ఏటేటా విలువ తగ్గిస్తారు. పదేళ్లు దాటితే ఏమీ మిగలదు. దాన్ని మావాళ్లు ఏమంటారో తెలుసా? పాత బట్టలు."

"బంగారం పాతబడుతుందా?"

"బంగారం పాతబడదు. బట్టలని రాసిన బంగారం పాతబడుతుంది. కార్డు మీద ఉన్నది కనక అరవై ఇస్తారు. అది కూడా నువ్వు రాశావు కనకే."

అతనిది తప్పు కాదని ఆమెకు తెలుసు. అందుకే తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. ఇన్నేళ్లూ ఊరికి ఆడిన అబద్ధాన్ని తానే రుజువులతో సహా మోసుకొచ్చి నిజం చేసి పెట్టింది. సంతకం పెట్టి, అరవై తీసుకుని, ఫొటోలు మళ్లీ గుడ్డలో చుట్టుకుంది.

మర్నాడు ఫొటోలు తిరిగివ్వడానికి బయల్దేరింది. మొదటి గడప రేవు దగ్గరి జుబైదాది. ఆమె చేతిలో చేపల గిన్నె పట్టుకునే అడిగింది. "ఏమైంది పిన్నీ? ఇచ్చారా?"

"ఇచ్చారమ్మా. దేవుడి దయ, పూర్తిగా ఇచ్చారు."

ఎందుకలా అందో ఆమెకే తెలీదు. సముద్రం దోచుకున్న మనిషిని పెళ్లికి పిలిస్తే అరిష్టమంటారేమోనన్న భయం కొంత. జాలి పడే కళ్లు కూడా కళ్లేనన్న పాత అలవాటు కొంత. ఒక గడపలో చెప్పాక రెండో గడపలో మార్చడం కుదరదు. ముప్పై గడపలూ అదే మాట. మధ్యాహ్నానికి ఆమెకే కాస్త నమ్మకం కుదిరింది.

ఆఖర్న జలీలా ఇంటికి వెళ్లింది. జలీలా పుదీనా టీ పోసి, సగం ఫొటో అందుకుని, అదే ప్రశ్న అడిగింది. అదే జవాబు విని చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"హమ్మయ్య! నేను ఎంత భయపడ్డానో. వాళ్లు ఎగ్గొడతారని మేమంతా అనుకుని, ఫొటోలిచ్చిన వాళ్లం తలా కాస్త వేశాం పిన్నీ. నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు." అలమరలోంచి కూస్‌కూస్ రవ్వ డబ్బా తీసి చూపించింది. "తొమ్మిది వేలయింది. కొత్త జోడుకి మొదటి తీగలకి సరిపోతుందనుకున్నాం. పోన్లే, నీకు అందింది కదా, రేపే ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తాను."

మూత పెట్టి, డబ్బాను మళ్లీ అలమరలో పెట్టబోయింది.

పిన్నికి సిగ్గేసింది. టీ గ్లాసు కింద పెట్టింది. "అరవై ఇచ్చారే జలీలా."

"అరవై వేలా!"

"అరవై. ఒట్టి అరవై."

జలీలా చేయి అలమర దగ్గరే ఆగిపోయింది. "మరి పొద్దుట్నుంచీ ఊరంతా తిరిగి పూర్తిగా ఇచ్చారని ఎందుకు చెప్పావు?"

"దిష్టి తగులుతుందని."

"ఇంకా ఏం మిగిలిందని పిన్నీ, దిష్టి తగలడానికి?"

జలీలా డబ్బా ఇవ్వలేదు. ఇవ్వకపోవడం కోపంతో కాదు.

"ఇది నా ఒక్కదాని డబ్బు కాదు. నీకు పూర్తిగా అందిందని వాళ్లంతా అనుకుంటుంటే నీ చేతిలో ఎట్లా పెట్టను? వెళ్లి చెప్పి రా. ప్రతి గడపలో. డబ్బా ఎక్కడికీ పోదు."

"అందరికీనా?"

"అందరికీ."

టీ సగంలో వదిలేసి పిన్ని తెల్లటి మేలిముసుగు సర్దుకుంది. మోకాళ్లు నొప్పి పెడుతున్నా రేవు వైపే నడిచింది. జుబైదా గుమ్మంలో చేప పొలుసు గీకుతోంది.

"ఇప్పుడేగా వెళ్లావు పిన్నీ, ఏమైనా మర్చిపోయావా?"

"అబద్ధం చెప్పానమ్మా" అంది పిన్ని. "కూర్చో, జోడు ఖరీదు చెప్తాను."