పదకొండు తప్పులు, ఒక రైటు

నాలాగే పొట్టకూటికి ఉత్తరాది వచ్చిన తెలుగువాడు అప్పలసూరి, మా ఫ్యాక్టరీ గేటులో టైంకీపరు. ఇరవై రెండేళ్ళు అక్కడ నిలబడి ఆయన చేసిన పని ఒక్కటే, తప్పులు పట్టడం. టోకెన్ మరిచిపోయావా, వాపస్. నిమిషం ఆలస్యమా, వాపస్. సొంత బావమరిదినే రెండుసార్లు ఇంటికి పంపాడంటే మేమెంత? ఒకసారి జోరు వానలో మా ఇల్లున్న సోనారి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన నన్ను రెండు నిమిషాల ఆలస్యానికి వెనక్కి తోలాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అలాంటి మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయాల్సి రావడం నా ఖర్మ.

ఎనభై ఆరులో మా ఆఫీసుకి కంప్యూటరొచ్చింది. దానికోసం ఏసీ గది కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, చెప్పులు బయట విప్పమన్నారు. బిష్టుపూర్ బజారులో సాయంత్రం కంప్యూటర్ క్లాసుకెళ్ళి పరీక్ష పాసైనవాళ్ళకి ఆ గదిలో కుర్చీ ఇస్తామన్నారు. అప్పటికే అప్పలసూరి మోకాళ్ళు అరిగిపోయాయి. నిలబడే పని ఇక వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుర్చీ రాకపోతే మళ్ళీ గేటే గతి. అందుకే నలభై ఏడేళ్ళ వయసులో నోటుబుక్కు చంకన పెట్టుకుని వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

మేం పదహారుమందిమి, మిషనొక్కటి. మిషను ఏం చెయ్యాలో లైనుకో నంబరు వేసి, పది, ఇరవై అంటూ రాసివ్వాలి. పంతులు బలరామ్ ఇచ్చిన లెక్క చిన్నదే. వచ్చినవాడి వయసూ, టోకెన్ నంబరూ అడగాలి. సరిగ్గా చెబితే తీసుకోవాలి, తప్పు చెబితే మళ్ళీ అడగాలి.

"ఓస్, ఇదేటిరా జగ్గా! నా గేటు పనే కదా!" అన్నాడు అప్పలసూరి నాతో.

మేమంతా రెండు మూడు షరతులతో సరిపెట్టుకున్నాం. ఆయన పదకొండు రాశాడు. వయసు పద్దెనిమిదికి తక్కువైతే రెండువందలో లైనుకి పో. యాభై ఎనిమిది దాటితే రెండువందలో లైనుకి పో. టోకెన్‌కి నాలుగంకెలు లేకపోతే అక్కడికే, మొదట సున్నా ఉంటే అక్కడికే. ఆ రెండువందలో లైనులో 'తప్పు, మళ్ళీ కొట్టు' అని ఉంటుంది.

మిషను దగ్గర ఆయన వంతొచ్చింది. వయసు ముప్పై అయిదు కొట్టాడు, తప్పంది. నలభై కొట్టాడు, తప్పంది. తన వయసు, తన టోకెనే కొట్టుకున్నాడు. అదీ తప్పే.

"దాదా, మీ గేటులోంచి దేవుడు కూడా లోపలికి రాలేడు" అన్నాడు బలరామ్ హిందీలో. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

పరీక్ష శనివారం. గురువారం సాయంత్రం నన్ను గోవింద్‌పూర్‌లో తన ఇంటికి రమ్మన్నాడు. ఇద్దరం కాగితం తిరగేసి మరగేసి చూశాం. నాకూ ఏమీ తట్టలేదు, నేనూ కొత్తవాణ్ణే కదా. చివరికి వంటింట్లో ఉన్న భార్య రత్నాన్ని పిలిచాడు.

"నానే మిషనుని. నువ్వు వర్కరువి. టోకెను నాదే అనుకో. నీ వయసెంత?"

"నలభై రెండు. మీకు తెల్దా?"

ఆయన వేలు పెట్టి లైను తరవాత లైను చదువుకుంటూ కిందికి దిగి, "తప్పు. మళ్ళీ సెప్పు" అన్నాడు.

"నా వయసు నాను తప్పు సెప్తానా?"

"మిషనికి ఎదురు సెప్పకు. వయసెంత?"

మూడోసారి కూడా తప్పనేసరికి రత్నమ్మకి ఒళ్ళు మండింది. కాగితం లాక్కుంది. ఇంగ్లీషు లెక్కకి పక్కనే ఆయన అన్నీ తెలుగులో రాసుకున్నాడు. అయిదో క్లాసు చదివిన మనిషి, గరిటె కింద పెట్టకుండానే పైనించి కిందిదాకా చదివింది.

"తప్పైతే ఏటి సెయ్యాలో పదకొండు సోట్ల రాసినారు. ఒప్పైతే ఏటి సెయ్యాలో ఒక్క సోటా రాయనేదు. ఏ తప్పూ దొరక్క కిందికి జారిపోయినోడు ఎక్కడ పడతాడు? ఈ రెండువందల్లోనే కదా!"

నేను నోరెళ్ళబెట్టాను. నిజమే. ఎక్కడికీ పొమ్మనకపోతే మిషను కింది లైనులోకే దిగుతుంది. అక్కడ 'తప్పు' కాచుకుని ఉంది.

రత్నమ్మ అంతటితో ఆగలేదు. "మిషనే కాదు, మీరూ అంతే. కూరలో ఉప్పెక్కువైతే సెప్తారు, తక్కువైతే సెప్తారు. సరిపోయిన్నాడు సెయ్యి కడుక్కుని లెగిసిపోతారు. ఇరవై నాలుగేళ్ళైనాది." కాగితం ఆయన ముందు పడేసింది. విసురుగా లోపలికెళ్ళిపోయింది.

నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. మా ఇంట్లో నేను మాత్రం ఏపాటి?

అప్పలసూరి కాగితం చేతిలోకి తీసుకుని పైనించి కిందిదాకా మళ్ళీ చదివాడు. తరవాత రెండువందలో లైనుకి పైన కొత్త లైను ఇరికించాడు: 'రైటు' అని రాసి ఆగిపో.

శనివారం బలరామ్ ఇరవై రకాలుగా కొట్టి చూశాడు. తప్పులన్నీ బయటికి పోయాయి, ఒప్పులన్నీ లోపలికొచ్చాయి. అప్పలసూరికి కుర్చీ వచ్చింది. నాకు రాలేదు, ఆ గొడవ ఇక్కడెందుకు?

ఆయన వెంట ఇంటిదాకా వెళ్ళాను. రత్నమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటైనాది?" అంది.

పాసయ్యానని చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పులు విప్పాడు, నా వైపోసారి చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు సెప్పిందే రైటు, రత్నం" అన్నాడు.

రత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నాకు మొదట్నించీ తెల్సు. మీకే ఇన్నాళ్ళు పట్టినాది" అంది.