ఆరు పాటలకీ ఒకే కొలత

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో డిగ్రీ, నెత్తిమీద హెడ్‌ఫోన్లు. సర్వజ్ఞుడికి ఇంతకన్నా సామగ్రి ఏం కావాలి? సీడీలు ఇంకా పూర్తిగా చావలేదు, సెల్‌ఫోన్లలోకి పాటలు అప్పుడప్పుడే ఎక్కుతున్నాయి. ఊరూరా ఒక భజన బృందం, ప్రతి బృందానికీ ఒక సీడీ వెయ్యాలన్న కోరిక. ఆ కోరిక తీర్చే పుణ్యకార్యం ఆమదాలవలసలో మా మావ చేసేవాడు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. స్టేషన్‌కి దగ్గర్లో ఒక బియ్యం కొట్టు మీద మేడగది అద్దెకు తీసుకుని, గోడలకి కోడిగుడ్ల అట్టలూ, వాటిమీద కింది కొట్టువాళ్లిచ్చిన గోనెసంచులూ కొట్టించి, దానికి రికార్డింగ్ థియేటర్ అని పేరు పెట్టాడు. (వేసవిలో అందులో గంటసేపు పాడిన మనిషి సగం ఉడికి బయటికొచ్చేవాడు.) రైలు వచ్చినప్పుడల్లా పాట ఆపాలి. వచ్చింది గూడ్సయితే అందరూ మంచినీళ్లు తాగి, ఊళ్లో సంగతులు రెండు చెప్పుకుని, మళ్లీ శ్రుతి చూసుకునేవారు. అక్కడ నేను సౌండ్ ఇంజనీరుని. ఆ పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను.

ఒక ఏడాది, శివరాత్రి పది రోజులుందనగా, శ్రీముఖలింగం దగ్గరి ఒక పల్లెనుంచి, పండక్కి ఆరు పాటల సీడీ కావాలంటూ భజన బృందం దిగింది. గురువుగారు రైతు. పొద్దున్న పొలం, సాయంత్రం హార్మోనియం. ఆయన భార్యని ఊరంతా గురువమ్మ అనేవారు. ముప్పయ్యేళ్లుగా భర్త వీధి అరుగుమీద నేర్పే ప్రతి పాటా వంటింట్లోంచి విని నేర్చుకుని, అక్కడే పాడుకుని, ఎవరైనా గడప తొక్కితే టక్కున ఆపేసే మనిషి. ఈ సీడీలో ఒక పాట ఆవిడే ఎత్తుకోవాలని గురువుగారు పట్టుబట్టి తీసుకొచ్చారు. ("రానంటే రానన్నాది బాబూ. కోడలికి సీర కొనాల పద అని సెప్పి బస్సెక్కించినాను" అని ఆయన నా చెవిలో చెప్పారు.) ఇక తాళాల షావుకారు. ఊళ్లో కిరాణా కొట్టు ఆయనది, భజనలో తాళాలు ఆయనవి. చెయ్యి గడియారంలా నడిచేది. గొంతు మాత్రం ఏ శ్రుతికీ లొంగేది కాదు. పోనీ తాళం ఒక్కటే వెయ్యమందామా అంటే, నోరు కదలకపోతే ఆయనకి చెయ్యి కదలదు.

గదిలో ఆరు మైకులు పెట్టాం. ఏ మైకు ముందు పాడిన గొంతు ఆ మైకు పేరనే కంప్యూటర్ తెరమీద ఒక వరసగా పడుతుంది. తర్వాత తీరిగ్గా కూర్చుని ఒక వరస పెంచి, ఒకటి తగ్గించి, ఒకదానికి కాస్త ఎకో అద్ది అన్నీ కలపడమే మిక్సింగు. మొదటి పాట గురువుగారిది. షావుకారు హార్మోనియానికి సరిగ్గా ఎదురుగా కూర్చున్నారు. గురువమ్మగారు ఎవరికీ కనబడకుండా మూల మైకు దగ్గర ఒదిగిపోయారు. పాటయ్యాక గురువుగారు నన్ను పక్కకి పిలిచారు. "బాబూ, షావుకారి మనసు బంగారం. ఆ ఎదురు మైకొక్కటీ కొంచెం నొక్కీసి ఉంచు. ఆయన్ని బాధపెట్టకు" అన్నారు.

భోజనాలయ్యాక రెండో పాట, అంటే గురువమ్మగారి పాట. ఆ బృందంలో ఒక పద్ధతి ఉంది. గురువు కాక వేరే ఎవరు పాట ఎత్తుకున్నా హార్మోనియానికి ఎదురుగా కూర్చుని, గురువు కళ్లలోకి చూస్తూ పాడాలి. షావుకారు చప్పున లేచారు. "ఇలగ రా తల్లీ, ఈ సోటున కూకో. నాను మూలకెల్లిపోతాను" అని తాళాలు పట్టుకుని మూల మైకు దగ్గర చతికిలబడ్డారు. ఆవిడ పాటయ్యాక కూడా ఆయన వెనక్కి రాలేదు. ఒకసారి ఇచ్చిన చోటు తిరిగి అడగడం ఆయనకి తెలియదు. సాయంత్రం దాకా అయిదు పాటలూ అక్కడినుంచే పాడారు. ఇదంతా నేను, పాడేవాళ్లకీ నా కంప్యూటర్‌కీ మధ్య ఉన్న అద్దం ఇవతలనుంచి చూశాను. ఎంత మంచి మనుషులో అనుకున్నాను కూడా. అంతకుమించి ఒక్క ముక్క అనుకోలేదు.

మొదటి పాట కలపడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎదురు మైకుని, తాళాలు సన్నగా వినబడితే చాలన్నంతగా అణిచేశాను. మూల మైకులో గురువమ్మగారి గొంతు దీపపు వత్తంత ఉంది. దాన్ని ఎంత ఎత్తగలనో అంత ఎత్తి, ఎకో దట్టించి, అందరికన్నా ముందుకి తెచ్చాను. పాట బ్రహ్మాండంగా వచ్చింది. మరి మిగిలిన అయిదింటికీ మూడేసి రోజులంటే శివరాత్రి వెళ్లి ఉగాది వస్తుంది. అప్పుడు కనిపెట్టాను, ఒక పాటకి పెట్టిన కొలతలన్నీ టెంప్లేట్ అనే పేరుతో దాచుకుని తర్వాతి పాట మీదికి ఒక్క నొక్కుతో దింపేయొచ్చని. దింపాను. అరగంటలో అయిదు పాటలు. ప్రతిదీ మొదట పావు నిమిషం విన్నాను. అక్కడ ఉండేది హార్మోనియం, మృదంగం. ఆ రెండూ చోటు కదిలితేగా. తాళాలు మొదటి పాటలో కన్నా ఖంగుమని మోగుతున్నాయే అని మురిసిపోయాను కూడా.

"అరగంటలో అయిదు పాటలేట్రా? ఇన్నావా మరి అన్నీ?" అన్నాడు మావ.

"విన్నాను మావా."

"పూర్తిగా ఇన్నావా?"

"ఒకటి బాగుంటే అన్నీ బాగున్నట్టే మావా. సాఫ్ట్‌వేర్ మనిషిలాగ మర్చిపోదు" అన్నాను. మావ నిదానమే ప్రధానమంటూ ఏదో అనబోయాడు గానీ, నా హెడ్‌ఫోన్లు చూసి ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే మావా నేనూ సీడీలు పట్టుకుని స్కూటర్ మీద ఆ ఊరు వెళ్లాం. రామాలయం అరుగుమీద మైకుసెట్టు సిద్ధంగా ఉంది. మొదటి పాటకి జనం తలలూపారు. నేను ఎవరైనా నా వైపు చూస్తారేమోనని కాస్త నిటారుగా నిలబడ్డాను. రెండో పాట మొదలయింది. ఎదురింటి గుమ్మంలో గురువమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నట్టు కూర్చున్నారు. చేటలో చెయ్యి కదలడం లేదు. హార్మోనియం వచ్చింది, మృదంగం వచ్చింది, ఆవిడ గొంతు రావలసిన చోట ఏమీ రాలేదు. చెవులు రిక్కిస్తే, మూడిళ్ల అవతల ఎవరో పాడుకుంటున్నంత సన్నగా ఒక రాగం, అంతే. ఆ తర్వాత, కోరస్ రావలసిన చోట, తాళాల షావుకారి గొంతు ఎకోతో సహా ఆకాశంలోంచి ఊరి మీద పడింది. వీధిలో నిద్రపోతున్న కుక్క లేచి అటూ ఇటూ చూసింది.

"ఈ పాట గురువమ్మ పాడతాదన్నారు గదేటి?" అన్నారెవరో. "షావుకారు పాడతన్నాడు" అని ఇంకొకరు తీర్పు చెప్పారు. పాట అయ్యేదాకా ఎవరూ నవ్వలేదు, అంత మర్యాదస్తులు. అయ్యాక మాత్రం ఆపుకోలేకపోయారు. గురువమ్మగారు చేట పక్కన పెట్టారు. నేనక్కడికి వెళ్లేసరికి చిన్నగా నవ్వుతున్నారు. "నాను గట్టిగా పాడలేదు బాబూ. సిగ్గేసింది. నా గొంతు మైకులకి పనికొచ్చిన గొంతు కాదు. ఇంట్లో పాడుకోడానికి సాలు, ఇంకెక్కడా పాడను" అన్నారు. గురువుగారు నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

మావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, ఆవిడే తన తప్పంటన్నాది. నోరు మూసుకుని బండెక్కు" అన్నాడు గుసగుసగా. నిజం చెప్పాలంటే ఎక్కేవాణ్ణే. ఏం జరిగిందో నాకప్పటికీ అర్థం కాలేదు. మిషన్ తప్పు చెయ్యదు గనక తప్పు ఆవిడ గొంతుదే అయివుంటుందని నేనూ అనుకున్నాను. ఇంతలో షావుకారు మొహం ఎర్రగా చేసుకుని కొట్టులోంచి పరుగెత్తుకొచ్చారు. "ఏటి బాబూ ఇది? నా గొంతెలాటిదో నాకు తెల్దేటి? తల్లి పాటకి అడ్డం రాకూడదనే గదా మూలకెల్లి కూకున్నాను. మూల కూకున్నోడి గొంతు ముందుకెలగొచ్చీసింది?"

మూల అన్న మాట వినగానే ఆ రోజు అద్దంలోంచి చూసిందంతా కళ్లముందు తిరిగింది. మైకులు మనుషుల్ని ఎరగవు. షావుకారి కోసం నేను నొక్కేసిన మైకు ముందుకి ఆవిడ వచ్చారు, ఆవిడ కోసం ఎత్తిపెట్టిన మైకు దగ్గరికి ఆయన వెళ్లారు. ముప్పయ్యేళ్లకి ఒక్కసారి నలుగురిలో పాడిన మనిషి గొంతుని నా వేలితో నేనే నొక్కేశాను. "మీ తప్పు కాదమ్మా, నాది" అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఈ కుర్రాడు నన్ను ఓదారుస్తున్నాడు అన్నట్టు చూసి, "కాఫీ తాగెల్లు నాయినా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కాఫీ కూడా తాగాను.

మర్నాడు స్నేహితుడి లాప్‌టాప్ అడిగి తీసుకుని, అందులో ఆ ఎదురు మైకు వరసొక్కటే వేసుకుని, బస్సులో ఒక్కణ్ణే వెళ్లాను. గురువమ్మగారు పాలు కాస్తున్నారు. పొయ్యి ఆపించి, పీట మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టాను. హార్మోనియం లేదు, షావుకారు లేరు, ఒట్టి ఆవిడ గొంతు. చరణం సగం దాకా కదలకుండా విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎవురు బాబూ ఈవిడ? బాగా పాడతన్నాది" అన్నారు.

"మీరేనమ్మా."

నన్ను చూశారు, గుమ్మంలో నిలబడ్డ గురువుగారిని చూశారు. "మళ్లీ ఎట్టు" అన్నారు. మళ్లీ పెట్టాను. మూడోసారి కూడా పెట్టాను. "ఒసే, నాకూ ఓపాలి ఇయ్యే" అని గురువుగారు చెయ్యి చాపితే, "ఉండండి, ఇంకా అవ్వలేదు" అని ఆ చెయ్యి పక్కకి నెట్టారు. చివరికి ఇచ్చాక ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "ఇన్నాళ్లూ మన మద్దిన గోడ ఉండిపోనాదే" అన్నారు. ఆవిడ పాలగిన్నె వైపు తిరిగిపోయారు.

శివరాత్రిలోగా అయిదు పాటలూ ఒక్కొక్కటే, మొదటినుంచి చివరిదాకా వింటూ కలిపాను. షావుకారిని అడిగితే, "నాది పూర్తిగా తీసీయకు బాబూ, శివుడికొక్కడికీ ఇనబడితే సాలు" అన్నారు. అంతే ఉంచాను. గురువమ్మగారి పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగలేదు. ఆవిడ గొంతు పెంచాను, ఇంకా పెంచాను. ఈసారి మైకుసెట్టులో విన్నాక గురువుగారు నన్ను పక్కకి పిలిచి, "అంతా బాగున్నాది గానీ బాబూ, నా హార్మోనియం ఇనబడతల్లేదు" అన్నారు. వెనకనుంచి ఆవిడ, "ఉండనీ నాయినా. అలగే బాగున్నాది" అన్నారు.

ఇప్పుడు విజయనగరంలో నాకూ ఒక చిన్న స్టూడియో ఉంది. టెంప్లేట్లు ఇప్పటికీ వాడతాను, కాకపోతే ఏ పాటకి ఎవరెక్కడ కూర్చున్నారో కాగితం మీద రాసుకుంటాను. ఆ పాట పాత హార్డ్ డిస్కులో ఉంది. ఎప్పుడైనా తెరిస్తే అందులో నాకు ఇరవై తప్పులు వినిపిస్తాయి. ఆ హార్మోనియాన్ని పైకి తేవడం రెండు నిమిషాల పని. పాట చివరిదాకా వింటాను, నాలో నేను నవ్వుకుంటాను, ఏదీ ముట్టుకోకుండా మూసేస్తాను.