రాజు ముఖం మీది మచ్చలు

ఆ ఉదయం నాకెప్పుడూ నీళ్ళలోంచి చూసినట్టే కనిపిస్తుంది. చంద్రగిరి కోట, రాజమహలు మెట్లు, వాటి మీదుగా పసుపుపచ్చటి నీళ్ళు సన్నటి పాయలై దిగడం, నా చేతిలో ఇత్తడి చెంబు. ఇవి మాత్రం నిలబడి ఉంటాయి. మిగతావన్నీ కదిలిపోతుంటాయి. మహలు గోడలు ఆ రోజు తెల్లగా ఉన్నాయా ఎర్రగా ఉన్నాయా అని ఎవరైనా అడిగితే, చరిత్ర పాఠాలు చెప్పి బతికిన మనిషిని, జవాబు చెప్పలేను.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. మద్రాసు నుంచి డాక్యుమెంటరీ తీసేవాళ్ళు వచ్చారు. ఆ రోజుల్లో సినిమా హాళ్ళలో అసలు బొమ్మకు ముందు ఒక పది నిమిషాలు ఏదో వేసేవాళ్ళు, జనం బీడీలు కాల్చుకోవడానికి బయటికి పోయేవాళ్ళు చూడండి, ఆ రకం. ఐదు వందల ఏళ్ళ కిందటి రాజు గురించి తీస్తున్నారు. కొండ మీద గుడిలో ఇద్దరు రాణుల మధ్య చేతులు జోడించి నిలబడి ఉంటుందే రాగిబొమ్మ, పొడుగాటి కుళ్ళాయి పెట్టుకొని, ఆ రాజు. చరిత్ర తెలిసినవాళ్ళు ఒకరు పక్కన ఉంటే బాగుంటుందని వాళ్ళు మా ప్రిన్సిపాల్‌ను అడిగారు. ఆవిడ నన్ను పంపింది. స్టాఫ్ రూములో నాతో వాదించి అలసిపోయినవాళ్ళంతా ఆ వారం హాయిగా కాఫీ తాగి ఉంటారు.

మొదటి రోజు తగవు రాజుగారి భోజనం పళ్ళెం దగ్గర. టమోటాలు, సీతాఫలాలు గోపురంలా పేర్చి పెట్టారు. టమోటా అప్పటికి మన దేశం ముఖమే చూడలేదన్నాను. తీసేశారు. సీతాఫలం కూడా సముద్రం దాటి వచ్చిందేనని చదువుకున్నానంటే డైరెక్టరు నవ్వాడు.

"సీతమ్మ పేరు పెట్టుకున్న పండు మేడమ్. దాన్ని కూడా పరాయిదంటే ఎట్లా?"

"పేరుదేముంది? ఎవరైనా పెట్టుకోవచ్చు. మీరు దీనికి చరిత్ర అని పెట్టుకోలేదా?"

అరటిపళ్ళు తెప్పించారు. ఆయన మంచివాడే. నా మాటలకు నొచ్చుకునేవాడు కాదు, కానీ సాయంత్రానికి తలనొప్పి మాత్ర వేసుకునేవాడు.

రెండో రోజు రాజు దిగాడు. మద్రాసులో నాటకాలు వేసే మనిషట. ఆరడుగుల పైచిలుకు, సన్నటి నడుము. చెంపలు నున్నగా, సబ్బు ప్రకటనలో లాగా. ఆయన కుళ్ళాయి పెట్టుకొని అద్దంలో చూసుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఈయన ఎవరు?"

"రాజు మేడమ్."

"ఏ రాజు? ఆ కాలంలో పరదేశి ఒకడు ఆ రాజు కొలువుకు వచ్చాడు. ఎదురుగా చూసి రాసుకున్నాడు. మనిషి మధ్యరకం ఎత్తు, కాస్త లావు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. ఆ రాసినవాడికి రాజుతో పగా లేదు, చుట్టరికమూ లేదు. నేను వాణ్ని నమ్ముతాను."

"జనం మనసులో రాజంటే ఒక రూపం ఉంటుంది మేడమ్. దాన్ని చెరిపేస్తే మిగతాది కూడా నమ్మరు."

"జనం మనసులో ఉన్నదే తీసేటట్టయితే దానికి నేనెందుకు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. అట్లాంటి మనిషిని చూపించండి. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి ఇక్కడ ఉండాలి. లేకపోతే ఈయనే రాజు."

ఒకటి ఒప్పుకోవాలి. ఆ పరదేశి రాజు ఛాయ కూడా రాశాడు. తెల్లటివాడని. ఆ మాట నేను చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే నా కళ్ళ ముందు ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు, ఆయన నలుపు.

ఆయన మా అమ్మకు చిన్న తమ్ముడు. నగరిలో మగ్గం నేసేవాడు. చిన్నప్పుడు ఆయనకు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు చేసి పోయింది. నేను మూడు నాలుగేళ్ళ పిల్లగా ఆయన భుజం మీద పడుకొని, ఆ గుంటల్లో వేలికొస పెట్టి ఒక్కొక్కటే తడుముకుంటూ నిద్రపోయేదాన్నట. 'అట' అంటున్నాను గానీ నా వేలికి ఇప్పటికీ గుర్తే. తొలి చినుకులు పడిన ఇసుక లాగా ఉండేది ఆ చెంప. నాకు పదిహేనేళ్ళప్పుడు, నన్ను మామకు ఇచ్చి చెయ్యమని మా అవ్వ అడిగింది. "ఆ మొహానికా నా బిడ్డను ఇచ్చేది?" అనింది మా అమ్మ వంటింట్లో నుంచి. మామ అప్పుడే వచ్చి పంచలో చెప్పులు విప్పుతున్నాడు. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కొని వెళ్ళిపోయాడు. తర్వాత ఆయనకు నోరున్న అత్త దొరికింది, నాకు చదువు దొరికింది. ఆ మాట మేమెవరం మళ్ళీ ఎత్తలేదు.

ఎండాకాలంలో ఊళ్ళల్లో భారతం పెడితే మామ వీధినాటకం ఆడడానికి పోయేవాడు. ఇరవై ఏళ్ళు దుశ్శాసనుడు, లేకపోతే కీచకుడు. రాజు వేషం ఒక్కసారి కట్టాలని ఆయన కోరిక. ధర్మరాజు వేషం అడిగిన ప్రతిసారీ "నీకు దుష్టపాత్రలే అచ్చొస్తాయిలేప్పా" అని జట్టువాళ్ళు నవ్వేవాళ్ళు. ఎందుకు అచ్చొస్తాయో అందరికీ తెలుసు. ఆయనా నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి నగరి పోయాను. మామ మగ్గం గుంటలో నుంచి లేవకుండానే విన్నాడు.

"నన్నా? రాజుగానా? నన్నెవురు జూస్తారు మేయ్?"

"నువ్వు కూర్చునే తీరు, తల తిప్పే తీరు రాజుదే మామా. అందుకే అడిగినా."

మచ్చల మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎవరికైనా ఏదైనా ముఖాన చెప్పేస్తానని పేరున్న నేను, ఆ ఒక్కచోట మింగేశాను. దారం చుడుతున్న అత్త తలెత్తి, "రాజయ్యేది సరే, ముందు ఆ చిరిగిన బనీను మార్చమను పాపా" అనింది. మగ్గం మీద మామ చేతులు నిలిచిపోయి ఉన్నాయి. అంతసేపు ఆ మగ్గం సద్దు లేకుండా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

ఎల్లుండి వచ్చింది. రాత్రి పడిన వానకు కొండ నుంచి పొగలాంటి మంచు దిగుతోంది. కోట గేటు లోపలికి నడుస్తుంటే మహలు ముందర ఏదో మెరిసింది. దగ్గరికి పోయేసరికి అది మనిషైంది. మామ. తొలి బస్సుకే వచ్చి, చెట్టు కింద కూర్చొని, తన రేకుపెట్టె తెరిచి, వీధినాటకం వాళ్ళు ముఖానికి పూసుకునే పచ్చటి అర్దళం కొబ్బరినూనెలో కలిపి దిట్టంగా పట్టించాడు. కళ్ళకు కాటుక, నుదుట నామం, నెత్తిన అద్దం పెంకులు అతికించిన కొయ్య కిరీటం, భుజాల మీద రెక్కల్లాంటి భుజకీర్తులు. తడి వెలుతురులో ఆ పెంకులు మినుకుమినుకుమంటున్నాయి. ముఖం బంగారు రేకులా ఉంది. ఒక్క మచ్చ లేదు.

ఇరవై ఏళ్ళుగా అడిగిన రాజు వేషం దొరికితే, వీధినాటకాలాడే మనిషి రంగు లేకుండా ఎట్లా వస్తాడు? ఉత్త ముఖంతో కొలువులో కూర్చోవడం రాజుకే అవమానమని ఆయన లెక్క. ఇంత చిన్న సంగతి నాకు ముందే తట్టలేదు.

డైరెక్టరు ఆయన చుట్టూ ఒకసారి తిరిగి నావైపు చూశాడు. "మేడమ్, మీరు చెప్పిన ముఖం ఏదీ?"

ఓడిపోయినట్టు అనిపిస్తే నా నోరు నా చేతిలో ఉండదు.

"మతి పోయిందా మామా? ఆ మచ్చల కోసరం గదా నిన్ను పిలిపించింది! వాటి మీద ఈ పూతేంది?"

కెమెరా తుడిచే మనిషి చేతిలో గుడ్డ ఆగింది. మామ నన్నే చూశాడు. ఆ పచ్చటి రంగు కింద ముఖం ఎట్లా మారిందో తెలియదు, కళ్ళు మాత్రం తెలిశాయి.

"మచ్చలకా?" అన్నాడు. "కూర్చునే తీరుకని చెప్తివే."

కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకొని మహలు మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ పరదేశి మచ్చల గురించి రాసింది చెప్పాను. ఎవరిని వెనకేసుకొస్తున్నానో నాకే తెలియడం లేదు.

"కొండ మింద ఆయప్ప రాగిబొమ్మ జూసినావు గదా," అన్నాడు మామ. "దానికి మచ్చలుండాయా?"

"లేవు."

"రాజు గదా, పెట్టమంటే పెట్టకుండా పోతారా? ఆయప్పే వద్దనుకునుంటాడు. సామి ముందర నున్నటి మొగంతో నిలబడల్ల అనుకునుంటాడు. ఆయప్పకే ఇష్టం లేనిదాన్ని నువ్వు నా మొగాన ఊరంతా జూపిస్తానంటావే?"

పీహెచ్‌డీ వాళ్ళతో, పెద్ద పెద్ద ప్రొఫెసర్లతో తలపడినదాన్ని, లేచి డైరెక్టరు దగ్గరికి పోయి, రంగు ఉండనివ్వమన్నాను. రాజు తన బొమ్మలో తానే మచ్చలు వద్దనుకున్నాడు, మనమెవరం పెట్టడానికి అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నున్నటి ముఖమే కావాలంటే మా మద్రాసు రాజు లాడ్జిలో ఇడ్లీ తింటూ ఉన్నాడు మేడమ్. పిలిపించనా?"

న్యాయమైన మాట. నేను చేసిన వాదనే తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. మామ దగ్గరికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. రంగు ఉంటే వేషం లేదు, వేషం కావాలంటే రంగు లేదు. నీ ఇష్టం మామా, ఈసారి నేనేమీ చెప్పను.

ఆయన కిరీటం మీద పెంకును బొటనవేలితో రుద్దుతూ అడిగాడు. "ఆ పరదేశి ఎంత దూరం నుంచి జూసినాడు?"

"ఎదురుగా నిలబడి."

"మచ్చలు బాగా కనపడినాయా?"

"కనపడినాయి గాబట్టే రాసినాడు."

"అవి జూసినాక గూడా రాజనే రాసినాడా?"

"రాజనే రాసినాడు మామా. అందరూ బయపడేంత రాజని. ఎప్పుడూ నవ్వుతా ఉంటాడని. తెల్లారకముందే గిన్నెడు నూనె తాగి కుస్తీ పట్టేవాడని."

"నూనె తాగినాడా! ఆయప్ప కడుపా, గానుగా?" మామ నవ్వాడు. నవ్వుతూనే కిరీటం పక్కన పెట్టాడు. "అయితే నీళ్ళు పొయ్యి."

కాపలామనిషి ఇత్తడి చెంబు, బక్కెట్టు తెచ్చి ఇచ్చాడు. మామ కొబ్బరినూనె రాసుకొని పాత పంచగుడ్డతో తుడుచుకున్నాడు. నేను వంగి నీళ్ళు పోశాను. పచ్చదనం దిగి మెట్ల రాళ్ళ సందుల్లోకి పాకింది. చెంబు చెంబుకూ ఒక్కో గుంట తేలి వస్తుంటే నా వేలికొస జిల్లుమంది. ఆ వెలుతురుదో మంచుదో తెలియదు గానీ, నేను పోస్తున్నది నీళ్ళు కావనీ, ఏళ్ళనీ అనిపించింది. పంచలో విప్పిన చెప్పు కనిపించింది. ఏదో చెప్పాలనుకున్నాను. "కండ్లల్లో పడతా ఉండాది, నిదానంగా పొయ్యి మేయ్" అన్నాడు మామ.

కుళ్ళాయి పెట్టారు. పై అంతస్తులో కమాను పక్కన కూర్చోబెట్టారు. మంచు విడిపోయి ఎండ అడ్డంగా వచ్చి ఆయన చెంప మీద పడింది. ప్రతి గుంటలోనూ చిన్న నీడ. మామ తల కొద్దిగా తిప్పి, ఎవరో మొర పెట్టుకోవడానికి వస్తున్నట్టు, వాళ్ళు వచ్చేదాకా ఆగగలిగినట్టు, కోట గుమ్మం వైపు చూశాడు. ఎవరూ ఆయనకు అట్లా చూడమని చెప్పలేదు. కూర్చునే తీరు గురించి నేను చెప్పింది అబద్ధం కాదని అప్పుడు తెలిసింది. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. ఆ మహలు నిజంగా ఆ రాజు కాలానిదేనా అని నాకొక అనుమానం ఉండేది. ఆ పూట అడగలేదు.

ఏడాది తర్వాత ఆ డాక్యుమెంటరీ నగరి హాలుకు వచ్చింది. అత్త, మామ, నేను బెంచీ టికెట్టు తీసుకున్నాం. జనం ఇంకా వస్తున్నారు, తొక్కుకుంటున్నారు, వేరుసెనక్కాయలు వలుస్తున్నారు. ఏనుగులు, శిలాశాసనాలు, అరటిపళ్ళ పళ్ళెం. ఆ తర్వాత తెర నిండా మామ చెంప. గట్టిగా నాలుగుసార్లు ఊపిరి తీసినంతసేపు. ముందు వరసలో ఎవరో "ఈ రాజుకు అమ్మవారు పోసిందేమబ్బా" అన్నాడు. రెండోవాడు, "రాజయితే మాత్రం పొయ్యదా?" అన్నాడు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మామ కదల్లేదు.

ఆ బొమ్మ వారం రోజులాడింది. మామ రోజూ మ్యాట్నీకి పోయాడని అత్త తర్వాత చెప్పింది. తెర మీద పాటలూ ఫైటింగులూ మొదలయ్యే సమయానికి ఆయన లేచి బయటికి వచ్చేసేవాడట. మూడో రోజు గేటు దగ్గర టికెట్లు చించే మనిషి ఉండబట్టలేక అడిగాడట.

"ఏందన్నా, దుడ్డు పెట్టి వచ్చి బొమ్మ జూడకుండానే పోతా ఉండావే?"

"నా బొమ్మ అయిపోయిందిలేప్పా," అని, మామ తల కొద్దిగా తిప్పి, ఆ ఎండలో మగ్గం దగ్గరికి నడిచిపోయాడట.