మావయ్య వంద మీటర్ల తాడు

మా అమ్మ తమ్ముణ్ణి ఊరంతా సున్నం మావయ్య అనేవాళ్ళు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు, అదేం వరసో నాకిప్పటికీ తెలీదు. గోడలకి సున్నం కొట్టడం ఆయన పని. ఏడాదికొక్కసారి మాత్రం గోడ వదిలి నేల మీదికి దిగేవాడు. స్కూలు గ్రౌండులో ఆటల పోటీలకి పరుగుల ట్రాకు గీసేది ఆయనే. ముప్పై నాలుగేళ్ళు గీశాడు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అలిగేవాడు, అంతే.

ఆయన జన్మలో పరిగెత్తిన మనిషి కాదు. బస్సు కదిలిపోతున్నా నడిచే వెళ్ళేవాడు. కానీ ట్రాకు ఆరకముందు ఎవడైనా గీత మీద కాలు వేశాడా, వాడి పని అయిపోయిందే. గీత తొక్కడమంటే తన వీపు తొక్కినట్టే ఆయనకి.

ఆయన ఆస్తల్లా ఒక నూలు తాడు. కొన్న కొత్తలో రోడ్డు పనికొచ్చిన ఇంజనీరొకాయన దగ్గరుండి గొలుసుతో కొలిచి, సరిగ్గా వంద మీటర్ల దగ్గర ఎర్రగుడ్డ కట్టించాడట. నాలుగు తాళ్ళ పొడవు ట్రాకుకి ఒక చుట్టు. రెండు చుట్లయితే ఎనిమిది వందల మీటర్లు. పోటీలు అవగానే తాడుకి పట్టిన సున్నమంతా ఉతికి, ఆరేసి, రేకు పెట్టెలో దాచేవాడు. ఉతికేవాడు అంటున్నానా? ఉతికింది నేను. ఎనిమిదేళ్ళప్పుడే ఆ చాకిరీ నా నెత్తిన పడింది. ఆయన కుర్చీలో కూచుని "అక్కడింకా తెల్లగా ఉందే" అనేవాడు. తెల్లతాడు తెల్లగా ఉండక నల్లగా ఉంటుందా? చన్నీళ్ళతో ఎంత రుద్దినా పోవట్లేదని, మరుగుతున్న నీళ్ళలో సోడా వేసి ముంచడం మొదలుపెట్టింది కూడా నేనే. ఎంత తెలివైనదానివే అని మెచ్చుకున్నాడు.

పదిహేడో ఏట ఆ ట్రాకు మీద ఎనిమిది వందల మీటర్లు రెండు నిమిషాల ఇరవై ఆరు సెకన్లలో పరిగెత్తాను. పోటీలు నడిపే క్లబ్బు గోడ మీద రికార్డుల బోర్డులో నా పేరెక్కింది. మావయ్య వారం రోజులు భూమికి జానెడు ఎత్తున నడిచాడు. రెండు వారాలకి నన్ను జిల్లా పోటీలకని పెద్ద గ్రౌండుకి పంపారు. అక్కడ రెండు నిమిషాల ముప్పై ఒకటి. ఆరోదాన్నయ్యాను.

కాళ్ళలో సత్తువుంది, ఊపిరుంది, గీతే రాలేదు. తిరిగొచ్చి అదే చెప్పాను, ఆ గ్రౌండు పొడుగ్గా ఉంది, ఎంతకీ అయిపోవట్లేదు అని. ఊరు ఊరంతా నవ్వింది. ఆడలేక మద్దెల ఓడన్నారు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా మావయ్యే. "గ్రౌండు ఎక్కడైనా గ్రౌండే. పిల్ల జనాన్ని చూసి వణికింది."

ఆ మాట పట్టుకుని నాకు వణుకుడు అని పేరు పెట్టేశారు. నేను బూట్లు విప్పేసి కుట్టుమిషను ముందు కూచున్నాను. దర్జీనయ్యాక కూడా పేరు వదల్లేదు. "వణుకుడూ, కుట్టు వంకర పోదు కదా" అని గుడ్డ ఇచ్చేవాళ్ళు. నా తర్వాత ఇంకో నలుగురు వెళ్ళారు, నలుగురూ వెనకబడే వచ్చారు. ఒకరికి నీళ్ళు పడలేదన్నారు, ఒకరికి బూట్లు బిగువన్నారు. తాడు మాట ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా.

అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆ ఏడు స్కూలుకి కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది. పోటీలకి ముందురోజు, మావయ్య ట్రాకు గీయడం పూర్తిచేశాక, మామూలుగానే అడిగింది. "ఈ తాడు మళ్ళీ ఎప్పుడైనా కొలిపించారాండీ?"

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం వడ్రంగి దగ్గర యాభై మీటర్ల స్టీలు టేపు అడిగి తెచ్చాడు. మర్నాడు ఆరింటికే నన్ను లేపి గ్రౌండుకి లాక్కెళ్ళాడు. కొలిచి ఆ టీచరమ్మ చేతిలో పెడతానన్నాడు.

మొదటి యాభై కొలిచి మేకు దిగ్గొట్టాం. రెండోసారి టేపు పరిచాం. ఎర్రగుడ్డ నలభై ఏడు దగ్గరే ఆగిపోయింది.

"నువ్వు సరిగ్గా పట్టుకోలేదు" అన్నాడు.

మళ్ళీ కొలిచాం. తొంభై ఏడు. ఆయన పట్టుకున్నాడు, నేను చదివాను. తొంభై ఏడు. తాడుని లాగి లాగి చేతులు ఎర్రబడ్డాయి, అంగుళం పెరగలేదు.

నాకు గుండెల్లో రాయి పడింది. నేను దర్జీని. కొత్త నూలుగుడ్డని నీళ్ళలో ముంచకుండా కత్తిరించను. మొదటి నాలుగైదు ఉతుకుల్లోనే కుదించుకుపోయి, తర్వాత ఆగుతుందని చిన్నపిల్లకి కూడా చెప్పగలను. అంటే నేను పరిగెత్తేనాటికే ఈ తాడు కుదించుకుపోయింది. వందకి మూడు. ఎనిమిది వందలకి ఇరవై నాలుగు మీటర్లు. ఇరవై నాలుగు మీటర్లంటే నా కాళ్ళకి దగ్గర దగ్గర ఐదు సెకన్లు.

మావయ్య ఇంకా తన గొడవలోనే ఉన్నాడు. "ఎవరికీ చెప్పకే. ఈ పూట గడవనీ. వచ్చే ఏటికి కొత్త తాడు కొంటాను. ముప్పై నాలుగేళ్ళ పేరే ఇది, ఇంకేముంది నాకు?"

"ఇవాళ రొట్టెల బట్టీ వాళ్ళ అమ్మాయి గెలుస్తుంది మావయ్యా. వచ్చే వారం పెద్ద గ్రౌండుకెళ్ళి ఐదు సెకన్లు వెనకొస్తుంది. అప్పుడేమంటావు? వణికిందంటావా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అర్థమైంది. తాడు చుట్టుకుని వెళ్ళి స్టేజీ మెట్ల మీద తేలుకుట్టిన దొంగలా కూచున్నాడు.

నేనే చెప్పొచ్చుగా అంటారేమో. నేను చెబితే మళ్ళీ మద్దెల ఓడే. టేపు పరిచి చూపించొచ్చు, నిజమే. కానీ నాకు కావలసింది టేపు మాట కాదు, ఆయన మాట. ఇరవై రెండేళ్ళ కిందట ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే రావాలి. రాకపోతే ఇక ఆయన గడప తొక్కనని అక్కడే అనుకున్నాను.

తొమ్మిదికి జనం నిండారు. క్లబ్బు పెద్దాయన మైకు పట్టుకుని పొగడ్తలు మొదలుపెట్టాడు. ముప్పై నాలుగేళ్ళుగా అంగుళం తేడా లేకుండా గీస్తున్న మన సున్నం మావయ్యకి చప్పట్లు కొట్టండి అన్నాడు. అందరూ కొట్టారు. మావయ్య తలెత్తలేదు. సిగ్గు అనుకున్నారు.

చిన్నపిల్లల పందేలు అయిపోయాయి. ఎనిమిది వందల మీటర్లకి ఆడపిల్లలు ఆరుగురు గీత దగ్గరికొచ్చారు. రొట్టెల బట్టీ అమ్మాయి మూడో వరసలో నిలబడి, వంగి, బూటు ముడి ఇంకోసారి బిగించింది. నేను కూడా అలాగే బిగించేదాన్ని. మావయ్య వైపు చూశాను. కదల్లేదు. అయిపోయింది, ఈయన చెప్పడు అనుకున్నాను. డ్రిల్లు టీచరు విజిలు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు లేచాడు. తాడు భుజాన వేసుకుని తిన్నగా ట్రాకు మీదికి నడిచాడు. తను గీసిన గీతలన్నీ తొక్కుకుంటూ వచ్చి ఆ పిల్లల ముందు నిలబడ్డాడు.

"పక్కకి రండి బాబాయిగారూ, పందెం మొదలవుతోంది" అంది టీచరు.

"మొదలెట్టకమ్మా. ట్రాకు కురచ."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. మైకు తెప్పించుకున్నాడు. చెయ్యి వణుకుతోంది, అందరికీ కనిపిస్తోంది.

"నా తాడు వందకి మూడు మీటర్లు తక్కువుంది. పొద్దున టేపు పెట్టి చూశాను. ఆ బోర్డు మీదున్నవన్నీ తప్పు. పెద్ద గ్రౌండులో మా మేనకోడలికి కాళ్ళు వణికాయని మీరంతా అన్నారు. ముందన్నది నేనే. వణకలేదు. ఆ పిల్ల అక్కడా ఇక్కడా ఒకేలా పరిగెత్తింది. ఇదంతా నా తాడు చేసిన పని."

"తాడెలా తగ్గుతుందయ్యా?" అని క్లబ్బు పెద్దాయన అడిగాడు.

"ఏటా వేడినీళ్ళలో ఉతికాను. నూలు కదా, కుదించుకుపోయింది."

నేను నోరు తెరవబోయాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూశాడు, ఎనిమిదేళ్ళ పిల్లని కుర్చీలోంచి గదమాయించే చూపు. నోరు మూసుకున్నాను. మూసుకుని ఏడ్చాను, అందరి ముందూ, సిగ్గు లేకుండా.

టేపు పట్టుకుని బయలుదేరే గీతని ఇరవై నాలుగు మీటర్లు వెనక్కి జరిపాం, ఆయన ఒక కొస, నేనొక కొస. రొట్టెల బట్టీ అమ్మాయి రెండు నిమిషాల ముప్పై రెండు సెకన్లలో వచ్చింది. తర్వాతి వారం పెద్ద గ్రౌండులోనూ అంతే సమయంలో పరిగెత్తి మూడో స్థానంలో నిలిచింది. మర్నాడు బోర్డు మీద మావయ్యే సున్నం కొట్టాడు, రెండు పూతలు. నా పేరు మీద కుంచె తిరుగుతుంటే పక్కనే నిలబడి చూశాను. బాధ లేదంటే అబద్ధం.

ఆ రోజు నుంచి నన్నెవరూ వణుకుడు అనలేదు. ఊరికి ఏదో ఒక పేరు పెట్టనిదే నిద్ర పట్టదు కదా, ఆయన్ని కురచ మావయ్య అనడం మొదలెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయన మాత్రం పిలిచిన ప్రతిసారీ "ఊఁ, చెప్పు" అని పలికేవాడు. తొమ్మిదేళ్ళు పలికాడు. పోయిన ఏడాది కన్నుమూశాడు, ఆ పేరుతోనే.

తాడు ఆయన ఉతకలేదు. నీళ్ళు కాచింది నేను, సోడా వేసింది నేను. బతికుండగా చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెబుతున్నాను.